తుమ్మితే చిరంజీవ అన్న రేడియో

మా మనవరాలు ఒక టీవీలో పొద్దుటి ప్రోగ్రాం చేస్తుంది. జనం టిఫిను తింటూ చూసే రకం. ఓ పాట, ఓ వంట, ఓ డాక్టరు, రాశిఫలాలు, మధ్యమధ్య ఇద్దరు కూర్చుని నవ్వుకోవడం. మొన్న సెలవుకి వచ్చి, నా ఎదురుగా పెసరట్టు తుంపుతూ ఒకటే ఏడుపు. "జనం రావడం వస్తున్నారు తాతయ్యా. నిలబడట్లేదు. ప్రకటన రాగానే ఇంకో ఛానెల్‌కి పోతున్నారు. పోయినవాళ్లు మళ్లీ రావట్లేదు. ఇలాగే ఉంటే మా ప్రోగ్రాం ఎత్తేస్తారు."

నాకు నవ్వాగలేదు. అది మూతి ముడిచింది. దాన్ని చూసి కాదే తల్లీ నవ్వింది! "కూకున్నోడు లేవకూడదు, లేసినోడు రేపు రాకుండా ఉండకూడదు. అదే యాపారం మేస్టారూ!" అని గరిటె తిప్పుతూ చెప్పిన మనిషి గుర్తొచ్చి నవ్వాను. ఆ మాట దానికి చెప్పబోతున్నాను, చీపురుపల్లి నుంచి ఫోను. ఆ మనిషి కొడుకే. "మేస్టారూ, నాన్న..." అని ఆగిపోయాడు. ఇంక చెప్పక్కర్లేదన్నాను. పెసరట్టు అలాగే ఉండిపోయింది.

ఊరంతా ఆయన్ని మావ అనేవారు. ఆయన భార్యని అత్త అనేవారు. చిన్నపిల్లలూ అంతే, పండుముసలాళ్లూ అంతే, కొత్తగా రైలు దిగినవాడు కూడా రెండోరోజుకల్లా అంతే. పేరు తెలీక కాదు, రాయబుద్ధి కావడం లేదు. పేరు రాస్తే ఇంకెవరో అయిపోతాడు.

అరవైల చివరి మాట. చీపురుపల్లి బడిలో నాకు కొత్తగా మాస్టరుద్యోగం. పెళ్లి కాలేదు, పొయ్యి వెలిగించడం రాదు. స్టేషను రోడ్డులో మావ హోటలే గతి. తాటాకు పాక, ముందు పొడుగు బల్లలు, వెనక అత్త రుబ్బురోలు. ఆవిరికుడుం, ఇడ్లీ, అట్టు, టీ. ఇంకేం దొరకవు. కానీ జనం అక్కడికి కడుపు కోసం వచ్చేవారనుకున్నారా? చెవుల కోసం వచ్చేవారు! రైలెక్కేవాడు, బస్సెక్కేవాడు, సంతకెళ్లేవాడు, కోర్టుకెళ్లేవాడు, ఎవడైనా సరే మావ కబుర్లు చెవినేసుకుని గానీ కదిలేవాడు కాదు.

మావ వయసులో ఉండగా బుర్రకథ దళంతో ఊళ్లు తిరిగాడు. కథ చెప్పేవాడు కాదు. పక్కన నిలబడి డక్కీ వాయిస్తూ తందాన అనేవాడు, జనాన్ని నవ్వించేవాడు. "వయసంతా ఇంకోడి కతకి తందాన అన్నాను మేస్టారూ. ఇప్పుడు నాను సెప్తన్నాను, ఈల్లు ఇంటన్నారు. తందాన అనకపోనా పర్లేదు, టీ తాగితే సాలు" అని అట్టు తిరగేసేవాడు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఓ తువ్వాలుండేది. అది ఎడమ భుజం మీద ఉన్నంతసేపూ చెప్పేది నిజం. కుడి భుజం మీదకి మారిందంటే కోతలు మొదలైనట్టే. ఎవరూ చెప్పుకోకపోయినా బల్లల మీద అందరికీ ఆ సంగతి తెలుసు. తువ్వాలు భుజం మారగానే "ఆఁ, కానీ కానీ!" అని సర్దుకుని కూర్చునేవారు. నిజం కన్నా దానికే గిరాకీ.

అలా సాగిపోతున్న రాజ్యం మీద పిడుగు పడింది. ఎదురు హోటలు నాయుడు విజయనగరం వెళ్లి రేడియో కొనుక్కొచ్చాడు.

ఏం చెప్పను ఆ సంబరం! పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, అలమర మీద ప్రతిష్ఠ చేశాడు. పొద్దున్నే సన్నాయి, భక్తిపాటలు, వార్తలు, రైతులకి సలహాలు. రోడ్డుకి ఇవతల మావ బల్లలు బోసి, అవతల నిలబడ్డానికి చోటు లేదు. నాకైతే ఒళ్లు మండిపోయేది. నాయుడి ఇడ్లీ గోడకేసి కొడితే గోడ పడిపోతుంది, అయినా దాన్ని నమిలి మింగుతున్నారు, ఢిల్లీలో ఎవరో ఏదో అన్నారని వినడానికి!

మావ ఊరుకున్నాడా? రెండో చట్నీ పెట్టాడు. అగరొత్తులు వెలిగించాడు. గోడనిండా దేవుళ్ల క్యాలెండర్లు తగిలించాడు. ఏదీ పారలేదు. రుబ్బిన పిండి పులిసి పారబోస్తుంటే అత్త గొణిగేది. ఆవిడ తమ్ముడు ఖర్గపూర్‌లో పెద్ద హోటలు పెట్టాడు. మూసేసి మా దగ్గరికి వచ్చెయ్యండని ఎప్పటినుంచో పోరు.

"ఎల్తే కూటికి లోటుండదు మేస్టారూ. కానీ ఆడ నన్ను ఎనక పొయ్యికాడ నిలబెడతాడు. పూరీలేపాల. ఎవుడితోనీ మాటుండదు. నోరు మూసుకుని నానెలా బతకాల?" అన్నాడు మావ ఓ పొద్దున్న. తువ్వాలు ఎడమ భుజం మీదే ఉంది.

మర్నాడు వెళ్లేసరికి ఏముంది! గల్లా మీద టీపొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి ఎక్కి ఉంది. ముందువైపు అత్త పాత చీర ముక్క, దాని కింద రెండు కొబ్బరిచిప్పలు మేకులతో బిగించి ఉన్నాయి. పెట్టెకి వెనక చెక్క లేదు. మావ గల్లా వెనక కూర్చుని, పెట్టెలో తల దూర్చి, "మేస్టారూ, సిప్ప తిప్పండి" అన్నాడు.

తిప్పాను. లోపల్నుంచి కుయ్యిమంది, గరగరమంది, ఆ తర్వాత గొంతు సవరించుకుంది. "వార్తలు సదువుతున్నది మావ. ముందుగా ముక్యమైనవి. ఈయేల అత్త సట్నీలో ఉప్పెయ్యడం మర్సిపోనాది."

"కొబ్బరికాయ తెమ్మంటే నువ్వు మర్సిపోనావని కూడా సదువు!" అంది అత్త వంటింట్లోంచి.

రోడ్డున పోయేవాళ్లు ఆగారు. ఎడమ చిప్ప తిప్పితే వార్తలు, కుడి చిప్ప తిప్పితే పాట, రెండూ కలిపి తిప్పితే రైతులకి సలహా. ఒకడు మరీ గబగబా తిప్పేస్తే, "ఒరే, పీక నొప్పెడతాది, నిదానంగా తిప్పు!" అని పెట్టె కసిరింది. అంతే, నవ్వులే నవ్వులు! ఇంతలో స్టేషనుకి బయల్దేరుతున్న ఒకాయన గట్టిగా తుమ్మాడు.

"సిరంజీవ!" అంది రేడియో. "కూకో, కూకో. తుమ్ము మీద ఎల్తే పని సెడతాది. మంచినీల్లు తాగి, టీ పుచ్చుకుని ఎల్లు."

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. టీ తాగాడు. మావ పెట్టెలోంచి తల బయటికి పెట్టి రోడ్డవతలికి కేకేశాడు. "బావా! నీ రేడియో తుమ్మితే సిరంజీవ అంటాదేటి?"

నాయుడు తల తిప్పుకున్నాడు. ఆ వారంలో స్టేషను రోడ్డులో తుమ్మినన్ని తుమ్ములు నేను మళ్లీ వినలేదు. ముక్కులో పుల్ల పెట్టుకుని తుమ్మినవాళ్లున్నారు. టీలు అమ్ముడుపోవడానికి అత్త పోపులో ఎండుమిరపకాయలు కావాలనే మాడుస్తోందని నాయుడు ఊరంతా చెప్పాడు. అందులో నిజం లేదని నేను ప్రమాణం చెయ్యను.

బల్లలు నిండాయి. నిండేసరికి మావ ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. అక్కడే బోల్తా పడ్డాడు. "ఇప్పుడు పయానాల వార్తలు" అని కొత్తది మొదలెట్టాడు. ఎవరు ఎక్కడికి బయల్దేరారో, ఏ పని మీదో, పెట్టెలోంచి చదవడం. మొదటి రెండురోజులూ అందరూ ముచ్చటపడ్డారు. మూడోరోజు మా నువ్వుల తాత వంతు.

నువ్వుల తాత ఊరవతల మెట్టలో నువ్వులూ చోళ్లూ పండించే ముసలి రైతు. కొత్త పలుపుతాడు భుజానేసుకుని ఇడ్లీ తింటున్నాడు. "మన నువ్వుల తాత ఎడ్ల జత కొనడానికి సంతకి ఎల్తన్నాడు!" అని పెట్టె చాటింది. తాత చేతిలో ముక్క ఆకులోకి జారింది. ఆకు మడిచేసి లేచిపోయాడు.

సాయంత్రం ఖాళీ తాడుతో తిరిగొచ్చాడు. బేరం తెగేవేళకి ఆ జతని పక్కవాడు తన్నుకుపోయాడట. తిన్నగా హోటలుకొచ్చి తాడు పెట్టె మీద పడేశాడు. "ఎల్లేవోడిని ఎక్కడికని అడిగితేనే కాల్లు కడుక్కుని మల్లీ బయల్దేరతామే! నువ్వు పెట్టెలో బుర్రెట్టి ఊరందరికీ సాటింపేత్తావా? నీ రేడియో పాడుగాను!"

మావ తాడు తీసి, చుట్ట చుట్టి తాత చేతిలో పెట్టాడు. ఇంత తెలిసినవాడు ఆ చిన్న విషయం ఎలా మరిచాడో! మాలో గడప దాటేవాణ్ణి ఎక్కడికని పసిపిల్లాడు కూడా అడగడు. పెట్టెలో కూర్చునేసరికి మావకి నోరే మిగిలింది, బుద్ధి బయట ఉండిపోయింది.

ఊరికి ఈ కబురు చాలు. ఒకడికి కోర్టు వాయిదా పడింది, మావ రేడియో వల్లే. ఒకడికి బస్సు తప్పింది, మావ రేడియో వల్లే. హోటల్లో పొద్దున్నే టిఫిను తినేవాడంటేనే ఎక్కడికో వెళ్లేవాడు కదా. వెళ్లేవాళ్లంతా మావ హోటలు వైపు చూడకుండా తలొంచుకుని నాయుడి దగ్గరికి పోయారు. పిండి మళ్లీ పులిసింది. అత్త తమ్ముడు ఖర్గపూర్ నుంచి దిగాడు. వచ్చే సంతనాటి మధ్యాహ్నం బండికి ఇద్దర్నీ తీసుకుపోతానన్నాడు. అత్త గిన్నెలు సర్దడం మొదలెట్టింది.

మర్నాడు పొద్దున్న హోటల్లో నేనొక్కణ్ణే. మావ పెట్టెలో తలపెట్టుకుని కూర్చున్నాడు. చిప్ప తిప్పాను. చప్పుడు లేదు. రెండు చిప్పలూ తిప్పాను. ఊఁహూఁ.

వంటింట్లోంచి అత్త విసుక్కుంది. "ఏటా ఏడుపు? ఎల్లేవోల్ల ఊసు నీకెందుకు? ఎల్లొచ్చినోల్ల ఊసు సెప్పుకోలేవేటి? దానికెవుడొద్దంటాడు?"

పెట్టెలో ఏదో టక్కున తగిలింది. మావ తల! అదిరిపడి లేచాడు. "ఓలమ్మా! మేస్టారూ, ఇన్నారా? ఎల్లొచ్చినోల్ల వార్తలు! ఎల్లొచ్చినోడికి దిష్టేటి, దోసమేటి? పనైపోయినోడు సెప్పుకోడానికి సావడూ? మరి మీరు నిన్న ఎక్కడికెల్లారు?"

"శ్రీకూర్మం వెళ్లొచ్చాను. దర్శనం బాగా అయింది. చెప్పులు పోయాయి."

ఆ పొద్దున్న చీపురుపల్లి స్టేషను రోడ్డు అదిరిపోయేలా నా వార్త మోగింది. "మేస్టారు శ్రీకూర్మం ఎల్లొచ్చినారు! దేవుడు దొరికినాడు, సెప్పులు పోనాయి!" నాయుడి హోటల్లో కూడా నవ్వారు. రేడియోలో గంభీరంగా ఏదో చదువుతుంటే జనం నవ్వేసరికి నాయుడు బిత్తరపోయాడు.

మర్నాడు ఒకడొచ్చాడు, తమ్ముడికి ఉద్యోగం దొరికిందని. ఆ మర్నాడు ఇద్దరొచ్చారు. వెళ్లేముందు ఎవరూ ఏమీ చెప్పరు, మావ అడగడు. కానీ బల్ల మీద ఒకడి చోటు ఖాళీగా ఉంటే ఎక్కడికో వెళ్లాడని అందరికీ తెలుసు. ఏమైందో తెలియాలంటే మళ్లీ మావ దగ్గరికే రావాలి. వెళ్లినవాడు తన వార్త చదివించుకోడానికి రావాలి, వెళ్లనివాడు వినడానికి రావాలి. మా మనవరాలికి ఇదే చెప్పాను. వాళ్ల ఆఫీసులో పెద్దజీతాలవాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న సమస్యకి మా అత్త గిన్నెలు సర్దుతూ మందు చెప్పేసింది.

అయినా సంతనాటికి బల్లలు సగమే నిండాయి. అత్త తమ్ముడు మూల బల్ల మీద చెయ్యి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పక్కనే మూటలు. ఆ సగంతో హోటలు నడవదు, అతనికి తెలుసు, మావకీ తెలుసు. పైగా ఆ పొద్దున్న నాయుడి రేడియో మోగలేదు. అది ఇంకా భయం. నాయుడి కూతురు తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగితే విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. కబురు లేదు. ఎదురు హోటలు తలుపు తియ్యలేదు. అక్కడి జనమంతా ఇటు వచ్చి నిలబడ్డారు గానీ తినడానికి ఎవరికీ మనసు లేదు. మావ చిప్ప తిప్పనివ్వలేదు. "ఆగండి, బండి రానీండి" అన్నాడు.

ఇంతలో రోడ్డు మీద ఎడ్ల గంటలు! నువ్వుల తాత! కోడెల్లాంటి జత, కొమ్ములకి పసుపు. ఎవరికీ చెప్పకుండా వెళ్లి కొనుక్కొచ్చాడు. వాటిని గుంజకి కట్టి, లోపలికొచ్చి, మావ ముందు నిలబడి గద్దించాడు. "నా వార్తేదిరా?" మావ పెట్టెలోకి వంగబోయాడు. అప్పుడే విజయనగరం వైపు నుంచి బండి కూత.

అందరం స్టేషను వైపు చూస్తున్నాం. నాయుడు వస్తున్నాడు. గడ్డం మాసింది, కండువా నేలని ఈడుస్తోంది. సొంత హోటలు తలుపు వైపు వెళ్లలేదు. రోడ్డు దాటాడు. తిన్నగా మావ హోటల్లోకొచ్చాడు. ఎవరూ నమలడం లేదు. వంటింటి గుమ్మంలోకి అత్త వచ్చింది, పిండి చేతులతో. నాయుడు ఎడమ చిప్ప పట్టుకుని తిప్పాడు.

"బావా, వార్తలెట్టు. మా బొట్టికి మగపిల్లడు. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు." అని బల్ల మీద కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. "నా పెట్టె ఈ మాట సదవదు కదేటి బావా!"

మావ పెట్టెలో తల పెట్టలేదు. దాన్ని పక్కకి జరిపేశాడు. తువ్వాలు ఎడమ భుజం మీద సర్దుకున్నాడు. లేచి నిలబడి, ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని, బుర్రకథ నాయకుడిలా గొంతెత్తాడు. "ఎల్లొచ్చినోల్ల వార్తలు! సదువుతున్నది మావ! మన నాయుడి కూతురు సావు గడప దాకా ఎల్లి, సేతిలో పిల్లడితో ఎల్లొచ్చినాదీ..."

ఎవరు మొదలెట్టారో తెలీదు. నువ్వుల తాతే అనుకుంటాను. "తందాన!" అన్నాడు. హోటలు హోటలంతా "తందాన!" రోడ్డు మీదున్నవాళ్లు "తందాన!" నేనూ అరిచాను, బడిపిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా. మావ పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వయసంతా ఇంకోడికి అన్న మాట ఊరంతా ఆయనకి అంటుంటే ఎలా వస్తుంది!

తర్వాత తాత ఎడ్ల వార్త కూడా చదివాడు. ఆ పొద్దున్న అత్త ఎన్నిసార్లు ఇడ్లీ వాయి దించినా చాల్లేదు. ఆవిడ తమ్ముడు కడుపునిండా తిని, మధ్యాహ్నం బండికి ఒక్కడే ఎక్కాడు. "బావ నోరు ఖర్గపూర్‌లో పట్టదక్కా" అని చెప్పి మరీ వెళ్లాడు. నాయుడు మర్నాటి నుంచి మావ వార్తల వేళకి తన రేడియో కట్టేసేవాడు. ఇడ్లీ మాత్రం మార్చలేదు, అదే రాయి.

నాకు బదిలీ అయినప్పుడు మావ ఏ ఊరని అడగలేదు. "ఎల్లి రండి మేస్టారూ. మీ వార్త అట్టేపెడతాను" అన్నాడు. తర్వాత ఎప్పుడు చీపురుపల్లిలో దిగినా, నేను బల్ల మీద కూర్చోకముందే "మేస్టారు ఎల్లొచ్చినారు!" అని కేక వినబడేది. తాటాకు పోయి రేకులొచ్చాయి, రేకులు పోయి డాబా వచ్చింది, గోడకి టీవీ వచ్చింది. పెట్టె మాత్రం గల్లా మీదే ఉంది.

ఈసారి ఆయన పెద్దకర్మకి వెళ్లాను. మర్నాడు పొద్దున్న కొడుకు హోటలు తెరిచాడు. టీవీ పెట్టబోతే బల్లల మీదవాళ్లు వద్దన్నారు. "మేస్టారూ, పెద్దోరు మీరే. మీరు సదవండి" అన్నారు.

పెట్టె వెనక్కి వెళ్లి తల పెట్టాను. టీపొడి వాసన ఇంకా ఉంది. కొడుకు చిప్ప తిప్పాడు. "ఎల్లొచ్చినోల్ల వార్తలు" అన్నాను. "మేస్టారు ఎల్లొచ్చినారు." ఆగిపోయాను. ఆయన వార్త ఎలా చదవను? వెళ్లినవాళ్ల వార్త ఆ రేడియోలో చదవరు. తల బయటికి తీసేశాను.

ఆ మూల బల్ల మీద, స్టేషనుకి వెళ్లబోతూ ఎవరో కొత్తాయన తుమ్మాడు.

అందరం ఒక్కసారే పెట్టె వైపు చూశాం.

వంటింట్లోంచి, బాగా సన్నబడిపోయిన అత్త గొంతు. "సిరంజీవ. కూకో బాబూ, టీ తాగి ఎల్దువు గాని."